తూర్పు పడమరలు తారుమారైన దస్తావేజు

పదో తరగతి లెక్కల్లో నాకు పద్దెనిమిది మార్కులొచ్చేయి. ఈ సంగతి ఇంత ధైర్యంగా మొదటి వాక్యంలోనే రాయగలగడానికి నాకు ముప్ఫయ్యేళ్ళ పైన పట్టింది. మీలో ఎవరైనా పరీక్ష తప్పి, లేదా కాలేజీ గడప తొక్కే వీలు లేక, ఇంక మన బతుకు ఇంతేనా అని కూచుని ఉంటే వాళ్ళ కోసమే ఇది రాస్తున్నాను. నీతులు చెప్పడానికి కాదు. నేను చేసిన ఒక పెద్ద తప్పు గురించి, ఆ తప్పు తరవాత కూడా నన్ను పనిలో నిలబెట్టిన మనుషుల గురించి చెప్పడానికి.

డెబ్భైల మధ్యలో సంగతి. మాది నర్సీపట్నం. మా నాన్న తాపీపని చేసేవాడు. ఒకసారి పరంజా మీంచి పడి నడుం దెబ్బతింది. బరువు ఎత్తకూడదన్నారు డాక్టరుగారు. తాపీపనిలో బరువు లేని పనేముంటుంది? అమ్మ రెండిళ్ళలో వంట చేసేది. నేను పరీక్ష తప్పి ఇంట్లో ఉండేదాన్ని. నాకు వచ్చిందల్లా ఒకటే, గుండ్రంగా రాయడం. మా చర్చిలో సండే స్కూలు పిల్లలు కంఠతా పట్టాల్సిన వాక్యాలు అట్టముక్కల మీద రాసిచ్చే పని చిన్నప్పట్నించీ నాదే. వారానికి ముప్ఫయ్యో నలభయ్యో అట్టలు. అలా కుదిరింది చేతిరాత.

నాన్నకి ఏదైనా సాయం దొరుకుతుందేమోనని తాలూకా ఆఫీసుకి అర్జీ రాసేను. సరిగా రాసేనో లేదో తెలీదు. రిజిస్ట్రారాఫీసు ఎదురుగా రేకుల వసారాలో ఒక దస్తావేజు లేఖరి గారు కూచునేవారు. భూములు, ఇళ్ళు కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ పత్రాలు రాసి ఇవ్వడం ఆయన పని. ఊరంతా మేస్టారు అనేవారు. నాన్న నన్ను వెంటబెట్టుకుని అర్జీ చూపించడానికి ఆయన దగ్గరికి తీసుకెళ్ళేడు.

ఆయన కాగితం రెండుసార్లు చదివేరు. తరవాత కళ్ళజోడు తీసి అడిగేరు.

“ఎవరు రాసేరమ్మా ఇది?”

“నేనేనండి.”

“ఎంతవరకు చదివేవు?”

“పది తప్పేనండి.”

“దేంట్లో?”

“లెక్కల్లోనండి.”

“మరేం పరవాలేదు. ఇక్కడ లెక్కలు నేను చూసుకుంటాను, నువ్వు అక్షరం చూసుకో. సోమవారం నించి వస్తావా?”

నాన్నా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆయన కుడిచెయ్యి బల్ల మీద సన్నగా వణకడం నేను అప్పుడే గమనించేను. అప్పటికి ఏడాదిగా ఆయనకి ఆ వణుకు మొదలైందట. చిత్తు ఎలాగో రాసుకునేవారు గానీ, స్టాంపు కాగితం మీద సాపు రాయడం కష్టమైపోయింది. దానికి నేను దొరికేను.

పేజీకి రూపాయి ఇస్తానన్నారు. మంచి ముహూర్తాలున్న నెలలో, మా నాన్న నడుం బాగున్న రోజుల్లో ఎంత తెచ్చేవాడో అంత తెచ్చేను. మొదట కొన్న వస్తువు నాన్నకి నవారు మంచం. అది ఇంటికొచ్చిన రోజున ఆయన దాని మీద కూచోకుండా పక్కన నిలబడి చెయ్యేసి నిమిరేడు.

అందరికీ ఇది నచ్చిందని చెప్పను. ఒక రైతు మొహం మీదే అడిగేడు. “ఆడపిల్ల సేత దస్తావేజు రాయిస్తారేటి మేస్టారూ?” అని. మేస్టారు తల ఎత్తకుండానే, “ఎవరు రాసేరో కాగితానికి తెలీదు బాబూ. చదివేవాడికి తెలిస్తే చాలు,” అన్నారు. ఆ రైతే రెండేళ్ళ తరవాత వచ్చి, ఆ అమ్మాయి చేతిరాతతోనే కావాలని పట్టుబట్టేడు.

మేస్టారికి ఒక నియమం ఉండేది. సాపు రాయడం అయ్యేక దాన్ని ఒకరు పైకి చదవాలి, రెండోవారు చిత్తు మీద వేలు పెట్టుకుంటూ రావాలి. అది కాకుండా ఏ కాగితమూ రిజిస్ట్రారుగారి బల్ల మీదికి వెళ్ళకూడదు. మొదట్లో నాకు అది దేవుడి ఆజ్ఞలా ఉండేది. రెండేళ్ళు గడిచేసరికి, నిజం చెప్పాలంటే, కాస్త విసుగనిపించేది. వందల దస్తావేజులు రాసేను, ఒక్క కొట్టివేత లేదు. నా చెయ్యి తప్పు రాయదని నాకు గట్టి నమ్మకం కుదిరింది. పనిలో మనిషికి వచ్చే జబ్బుల్లో ఇది ఒకటి. మీకూ వస్తుంది, చూసుకోండి.

ఆ రోజుల్లోనే ఒకసారి మూఢం రాబోతోంది. ఆ తరవాత రెండు మూడు నెలలు ఎవరూ కొనుగోళ్ళు పెట్టుకోరు. అంచేత ఆ చివరి మంచిరోజున మా వసారాలో కాలు పెట్టడానికి చోటు లేదు. నేను పొద్దున్నించి తలెత్తకుండా రాస్తూనే ఉన్నాను. అందులో ఒకటి నాతవరం వైపు పల్లెటూరి నించి వచ్చిన ఒక పెద్దామెది. భర్త లేడు, పిల్లల్లేరు. రెండు గేదెల పాలు అమ్ముకుని, జనం పొలాల్లో నాట్లకి వెళ్ళి కూడబెట్టిన డబ్బుతో అరవై సెంట్ల మడి కొంటోంది. అమ్ముతున్నది అదే ఊరి రైతు. ఆమె నా బల్ల పక్కన నేల మీద కూచుని నేను రాస్తున్నంతసేపూ కలం వేపే చూస్తోంది.

“నలబయ్యేళ్ళు ఊరోళ్ళ మళ్ళల్లో ఊడిసేనమ్మా. ఇంక నా మడిలో నాను ఊడుసుకుంటాను,” అంది. నేను నవ్వి రాస్తూ పోయేను.

ఆ రోజున ఆమె దస్తావేజు పైకి చదవలేదు. మేస్టారు ఇంకో పార్టీతో మాట్లాడుతున్నారు. ఆఫీసు కట్టేసే వేళ దగ్గరపడింది. “బేగి కానీయండి, బస్సెళ్ళిపోద్ది,” అని రైతు తొందరపెడుతున్నాడు. నేను కాగితాలు అందించేను. మేస్టారు సంతకం పెట్టేసేరు. రిజిస్ట్రేషను అయిపోయింది. ఆ పెద్దామె వెళ్తూ వెళ్తూ నా గెడ్డం పట్టుకుని ముద్దు పెట్టుకుంది.

నాలుగేళ్ళు గడిచేయి. ఆ నాలుగేళ్ళలో మేస్టారు నాకు ఎకరాలు, సెంట్లు, వడ్డీలు నేర్పేరు. ఆ లెక్కలతోనే మళ్ళీ పరీక్షకి కట్టి, మూడోసారికి గట్టెక్కేను. సొంతంగా దస్తావేజులు రాసే లైసెన్సు కోసం దరఖాస్తు పెట్టమని ఆయనే అన్నారు. పెట్టేను. అది మా రిజిస్ట్రారుగారి అభిప్రాయంతో పైకి వెళ్ళాలి. రోజులు లెక్కపెట్టుకుంటున్నాను.

అలాంటి ఒక శనివారం పొద్దున్న ఆ పెద్దామె వచ్చింది. నేను వెంటనే పోల్చుకోలేకపోయేను. చీరంతా బురద. గుడ్డసంచీలోంచి దస్తావేజు తీసి నా బల్ల మీద పెట్టింది.

“సూడమ్మా, ఇందులో ఏటి రాసేవో సదివి సెప్పు. నా మడి నాది కాదంటన్నాడు.”

జరిగింది ఇది. అమ్మిన రైతు ఆ ముందు ఏడాది పోయేడు. అతని కొడుకు ఆస్తి కాగితాలు సరిచూసుకుంటూ ఈ దస్తావేజు నకలు తీయించేడు. అందులో ఉన్న హద్దుల ప్రకారం ఆమె కొన్నది కాలువకి అవతలి పక్క నేల. ఆమె సాగు చేస్తున్నది ఇవతలి పక్క. సరిగ్గా ఊడుపుల వేళకి అతను వచ్చి మడిలో నాగలి దింపేడు.

మీకు అర్థమయ్యేలా చెప్తాను. ఆ రైతు భూమికి నడిమధ్యగా ఉత్తరం నించి దక్షిణానికి ఒక కాలువ పోతుంది. కాలువకి పడమట ఉన్నది పల్లం, నీరు పారుతుంది, వరి పండుతుంది. తూర్పున ఉన్నది మెరక, నీరెక్కదు, రాళ్ళు. రెండూ ఒకే సర్వే నెంబరు. ఆమె కొన్నది పల్లం. అంటే హద్దుల్లో ‘తూర్పు: కాలువ, పడమర: అమ్మకందారు మిగులు భూమి’ అని ఉండాలి.

నేను కాగితం విప్పేను. నా అక్షరాలే. ముత్యాల్లా ఉన్నాయి. ‘తూర్పు: అమ్మకందారు మిగులు భూమి, పడమర: కాలువ.’

రెండు పంక్తులు అటూ ఇటూ అయ్యేయి. అంతే. ఆ రెండు పంక్తులతో నలభయ్యేళ్ళ కష్టం కాలువ దాటి రాళ్ళలో పడింది.

మేస్టారు ఆ రోజు కంటి పరీక్షకి విశాఖపట్నం వెళ్ళేరు. ఆమెని సోమవారం రమ్మని పంపించేసి, చిత్తుల పెట్టె తెరిచేను. ఆయన ప్రతి చిత్తూ ఏడాది వారీగా కట్టలు కట్టి రేకుపెట్టెలో దాచేవారు. గంట వెతికితే దొరికింది. చిత్తులో హద్దులు సరిగ్గా ఉన్నాయి. పక్కన అంచులో పెన్సిలుతో ఒక చిన్న బొమ్మ. నిలువుగా ఒక గీత, దాని మీద ‘కాలవ’ అని, ఎడం పక్క ఒక చదరం, అందులో ‘ముసిలమ్మకి’ అని వంకర అక్షరాలు. ఆ రోజు మేస్టారికి బోధపడాలని ఆ రైతే గీసి చూపించేడు కాబోలు.

మేస్టారి తప్పు కాదు. రైతు తప్పు కాదు. నాదే.

మా పక్క బల్ల దగ్గర అర్జీలు రాసే ఒకాయన ఉండేవాడు. సంగతంతా విన్నాడు. మంచివాడే. నా మేలు కోరే చెప్పేడు. “నీ దరఖాస్తు లోపల ఉందమ్మా. ఇప్పుడిది బయటపడితే లైసెన్సు మాట మరిచిపో. దస్తావేజులో నీ పేరెక్కడా లేదు కదా, సంతకం మేస్టారిది. చిత్తు దొరకలేదని ఊరుకో. వాళ్ళూ వాళ్ళూ కోర్టులో తేల్చుకుంటారు.”

నేను ఆ చిత్తు మడిచి నా సంచీలో పెట్టుకుని ఇంటికి తీసుకెళ్ళిపోయేను. ఎందుకు తీసుకెళ్ళేనో అప్పుడు నన్ను నేను అడగలేదు. ఇప్పుడు అడిగితే, చింపెయ్యడానికే అని ఒప్పుకోవాలి.

ఆదివారం చర్చిలో పాస్టరుగారు ఏం చెప్పేరో ఒక్క ముక్క గుర్తు లేదు. ఇంటికొచ్చేక నాన్న అడిగేడు, “ఏటమ్మా, నిన్నట్నించి మాటాడవు?” అని. చెప్పేసేను. మంచం మీద కూచుని అంతా విన్నాడు.

“నాను కట్టిన గోడొకటి వొంకర లెగిసింది, నీకు తెల్దు. అప్పుడు నువ్వింకా పుట్టలేదు. పైన పూత పూసీసి, డబ్బులు పట్టుకొచ్చీసేను. ఆ ఈది మీద ఇప్పటికీ ఎల్లను. సుట్టు తిరిగి ఎల్తాను,” అన్నాడు.

నువ్వు ఫలానా పని చెయ్యి అని మాత్రం అనలేదు.

సోమవారం మేస్టారు వచ్చి కుర్చీలో సరిగా కూచోకముందే దస్తావేజూ చిత్తూ ఆయన ముందు పెట్టి, జరిగింది చెప్పేను. చిత్తు ఇంటికి పట్టుకెళ్ళిన సంగతి కూడా చెప్పేను. ఆయన రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూసేరు.

“ఆ రోజు పైకి చదవలేదా మనం?”

“లేదండి. మూఢం ముందు రోజండి.”

కోప్పడతారనుకున్నాను. పని మానెయ్యమంటారేమో అనుకున్నాను. “చదవాల్సినదానివి నువ్వు. వేలు పెట్టాల్సినవాణ్ణి నేను. ఇద్దరం కలిసే మానేసేం కదా,” అన్నారు. “పద, ఆ ఊరెళ్దాం. ఆఫీసు గొడవ తరవాత చూసుకోవచ్చు. ముందు నాగలి ఆగాలి.”

చెప్పినట్టే సోమవారం వచ్చిన పెద్దామెతో కలిసి నాతవరం బస్సెక్కి, దిగి, అక్కణ్ణించి పొలాల గట్ల మీద నడిచేం. నేను పెద్దామె చెయ్యి పట్టుకున్నానో, ఆమె నా చెయ్యి పట్టుకుందో తెలీదు. మడి దగ్గరికెళ్ళేసరికి ఆ కుర్రరైతు అక్కడే ఉన్నాడు. నాగలి మడి మధ్యలో ఆగి ఉంది. ఇంకో నలుగురు గట్టు మీద కూచున్నారు.

“ఏటి మేస్టారూ, మీరే వొచ్చీసేరు? కాగితంలో ఉన్నదే నానడుగుతున్నాను. మా అయ్య సంతకం ఉంది అందులో. అబద్ధమేటి?” అన్నాడు.

మేస్టారు నోరు తెరవబోయేరు. నేను ముందుకెళ్ళేను.

“సంతకం మీ నాన్నగారిదేనండి. రాత నాది. హద్దులు తారుమారుగా రాసినదాన్ని నేను. తప్పు మీ నాన్నగారిదీ కాదు, ఈమెదీ కాదు.”

గట్టు మీద ఒకడు నవ్వేడు. “పది తప్పిన మడిసి సేత రాయిస్తే ఇలాగే ఉంటాది మరి,” అన్నాడు. నా సంగతి అంత దూరం ఎలా వెళ్ళిందో! ఆ దస్తావేజు రాసిననాటికి అది నిజమే కదా. అలాగే నిలబడ్డాను.

కుర్రరైతు నవ్వలేదు. “నువ్వు ఇయ్యాల వొచ్చి ఇలాగన్నావని నా భూమి ఒగ్గీమంటావా? రేపు ఇంకోలెవరో వొచ్చి ఇంకోలాగంటారు,” అన్నాడు. అతను అన్నదాంట్లోనూ న్యాయం ఉంది.

అప్పుడు చిత్తు తీసి అతని చేతికిచ్చేను. హద్దుల మీద వేలు పెట్టి చూపించబోయేను. అతను హద్దులు చూడలేదు. అంచులో ఉన్న పెన్సిలు బొమ్మ దగ్గర అతని కన్ను ఆగిపోయింది. కాగితం వెలుగుకి ఎత్తి పట్టుకున్నాడు.

“ఇది మా అయ్య రాతే,” అన్నాడు మెల్లిగా. “కాలవకి ‘ల’ ఇలాగే రాసీవోడు. గొలుసులాగ.”

అతను ఆ ‘ముసిలమ్మకి’ అన్న మాట మీద బొటనవేలు పెట్టి అలాగే నిలబడ్డాడు. తండ్రి చేతిరాత ఇంట్లో ఇంకెక్కడా లేదని తరవాత తెలిసింది. చాలాసేపటికి వెనక్కి తిరిగి, మడిలో ఉన్న మనిషితో “ఎడ్లు ఇప్పీయి,” అన్నాడు.

పెద్దామె గట్టు మీదే కూలబడిపోయింది. ఏడుస్తుందనుకున్నాను. “ఒరే నాయనా, దున్నీసేవు గదా సగం. మిగతాది కూడా దున్నీసి ఇప్పు,” అంది. అందరం నవ్వేం, అతనితో సహా. నిజంగానే మిగతా సగం దున్నించేడు.

సవరణ దస్తావేజుకి ఒప్పుకుంటూ ఒక్కటే అడిగేడు. రిజిస్ట్రేషను అయ్యేక ఆ చిత్తు తనకి ఇవ్వాలని. మేస్టారు అంతవరకు ఏ చిత్తూ ఎవరికీ ఇచ్చి ఎరగరు. ఆ ఒక్కటీ ఇచ్చేరు.

సవరణ దస్తావేజులో తప్పు ఎలా జరిగిందో ఒక వాక్యం రాయాలి. మేస్టారు చిత్తులో ‘లేఖరి పొరపాటు వలన’ అని రాసేరు. లేఖరి అంటే చట్టం దృష్టిలో ఆయనే. ‘సాపు రాసినవారి పొరపాటు వలన’ అని మార్చమన్నాను. ఒప్పుకోలేదు.

“సంతకం ఎవరిదో పొరపాటు వాళ్ళదే. నువ్వు లైసెన్సు తీసుకున్నాక నీ కింద వాళ్ళ పొరపాట్లు నువ్వు మొయ్యి. ఇది నాది,” అన్నారు. ముప్ఫయ్యేళ్ళ సర్వీసులో తన మీద మొదటి మచ్చ నా చేతే రాయించేరు. ఆ వాక్యం రాస్తున్నప్పుడు, జీవితంలో మొదటిసారి, నా చేతిరాత కాస్త వంకరపోయింది.

రిజిస్ట్రారుగారి గదిలో ఆయన కాగితం చదివి, మేస్టారిని చూసి, “మీరా? పొరపాటా?” అన్నారు. నేను ఉండబట్టలేకపోయేను.

“రాసింది నేనండి. చిత్తు సరిగానే ఉంది.”

ఆయన నా వేపు తిరిగేరు. “నీ దరఖాస్తు ఈ బల్ల మీదే ఉంది, తెలుసా?”

“తెలుసండి.”

“తెలిసే చెప్తున్నావా?”

“తెలిసే చెప్తున్నానండి.”

ఆయన ముద్ర వేసి, “తరవాత ఎవరు?” అని పిలిచేరు.

లైసెన్సు రావడానికి పద్నాలుగు నెలలు పట్టింది. ఎందుకంత ఆలస్యమైందో నేను అడగలేదు. ఎలా వచ్చిందో కూడా అడగలేదు. ఆయన ఏం రాసి పంపించేరో నాకు ఇప్పటికీ తెలీదు. అప్పటికే ఆయనకి బదిలీ అయిపోయింది. కృతజ్ఞత చెప్పుకోలేకపోయిన మనుషుల్లో ఆయనొకరు.

ఆ తరవాత చాలా ఏళ్ళు ఆ రేకుల వసారాలోనే పని చేసేను. మేస్టారు ఉన్నన్నాళ్ళు ఆయన పక్కన, ఆయన పోయేక ఒక్కదాన్నే. ఆ సంపాదనతోనే నాన్నకి ఆపరేషను చేయించేను, రెండు గదుల ఇల్లు వేసుకున్నాను, నా పిల్లల్ని చదివించుకున్నాను. చదువు అక్కర్లేదని నేను చెప్పను. నా పిల్లలకి అలా చెప్పలేదు, మీకూ చెప్పను. చదువు ఆగిపోయిన చోట మనల్ని పనిలోకి రానిచ్చేవాళ్ళు ఎవరో ఒకరుంటారు. నాకు దొరికేరు. నాలో తప్పు కనిపించిన రోజున కూడా వాళ్ళు నన్ను బయటికి తొయ్యలేదు. అలాంటివాళ్ళు దొరకడం నా తెలివి కాదు, నా అదృష్టం.

లైసెన్సు వచ్చిన కొత్తలో సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. బల్ల మీద నా పేరుతో చిన్న చెక్క బోర్డు పెట్టుకుని, మొదటి పార్టీ ఎవరొస్తారా అని చూస్తూ కూచున్నాను. మొదటి రోజు ఎవరూ రాలేదు. రెండో రోజు మధ్యాహ్నం ఆ పెద్దామే వచ్చింది. కొత్త చీర కట్టుకుంది. ఒక పెట్టెడు మామిడిపళ్ళు నా బల్ల కింద పెట్టింది.

“వీలునామా రాయాలమ్మా. నా మడి మా సెల్లి మనవరాలికి ఇచ్చీద్దామని. అది నాలాగే, ఎవలూ లేరు దానికి.”

మేస్టారు తన బల్ల దగ్గర్నించి తలెత్తి చూసి, మళ్ళీ కాగితాల్లోకి వంగేరు.

“నేను రాసినదాంతోనే కదమ్మా మీరు అంత అవస్థ పడ్డారు. మేస్టారు రాస్తారు, లేదా పక్కన ఇంకెవరైనా రాస్తారు. వాళ్ళ దగ్గర రాయించుకోండి,” అన్నాను.

ఆమె నన్ను తేరిపార చూసింది, నేనేదో తెలివితక్కువ మాట అన్నట్టు.

“ఆలు రాస్తారు, నాకెరికే. తప్పు రాస్తే తప్పని నాతో సెప్తారా? నువ్వు సెప్పేవు. నువ్వే రాయి.”

కుర్చీ దులిపి ఆమెని కూచోబెట్టేను. టీ తెప్పించేను. కొత్త కాగితం తీసి, తెలిసిన పేరే అయినా, ముందుగా ఆమె పేరు అడిగేను.